చేపల గంపల మూల

(తుప్పు పట్టిన పాత బస్సును ఇంటి షెడ్డులో బాగుచేసిన విశ్రాంత ఐటీఐ ఉపాధ్యాయుడొకరు గ్రంథాలయంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారమండీ. మైకు కొంచెం దూరం జరపమన్నాను, ఏమనుకోవద్దు. ముప్ఫై ఏళ్ళు ఐటీఐలో గ్రైండర్ల మోత మధ్య వెల్డింగు పాఠం చెప్పినవాణ్ణి. నా గొంతుకి మైకు అక్కర్లేదు.

బస్సు ఎంతకి కొన్నారని అందరూ అడుగుతారు. నేను బస్సు కొనలేదండీ, ఇనుము కొన్నాను. ఓ రైసు మిల్లు వెనకాల నిద్రగన్నేరు చెట్టు కింద ఏళ్ళ తరబడి పడుందది. మిల్లువారబ్బాయి తుక్కు కొనేవాళ్ళకి అప్పజెప్పబోతుంటే, ఆ ధరేదో నేనే ఇస్తానన్నాను. క్రేనుతో లేపి ట్రాలీ మీద పెట్టించి, దారిలో ధాన్యం లారీలు తూచే కాటా ఎక్కించాం. 4 టన్నుల 120 కిలోలు వచ్చింది. కోళ్ళని ముందే దింపేశాం. (నవ్వులు) నవ్వుతున్నారుగానీ నిజమేనండీ. వెనక బెంచీ కింద పదకొండు కోళ్ళుండేవి. వాటి సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మా ఆవిడ గేటు దగ్గర నిలబడి ఒకే మాట అంది: "ఏవండీ, షెడ్డు పొడవు కొలిచారా?" కొలవలేదు. బస్సు 26 అడుగులు, షెడ్డు 22. ఆ వారమే ముందువైపు మరో రెండు రేకులు దించి పందిరి పొడిగించాల్సొచ్చింది. పాత బండి బాగుచేద్దామని ఎవరైనా అనుకుంటుంటే, ముందు మీ షెడ్డు కొలుచుకోండి.

ఇంటికొచ్చాక మొదట చేసిన పని చాసీ, అంటే బండి అడుగు చట్రం, దాని మీది పలక గీకడం. జంషెడ్‌పూర్ అని కనబడింది. టాటా వాళ్ళు జర్మనీలోని డైమ్లర్-బెంజ్‌తో కలిసి 1954లో లారీ చాసీలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఎల్-312 అనే రకం, ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను. ఆ ఒప్పందం 15 ఏళ్ళు నడిచి 1969లో ముగిసింది. అప్పుడే రేడియేటరు మీద మూడు రెక్కల చుక్క పోయి 'టి' అక్షరం వచ్చింది. మా చిన్నప్పుడు వీటిని టాటా బండి అన్నవాడే లేడు, బెంజి బండి అనేవాళ్ళు. నా బస్సుకి చుక్క లేదు. ఎవరో పీక్కుపోయారు, గుండ్రంగా మచ్చ మిగిలింది.

అయితే ఒక సంగతి గమనించండి. జంషెడ్‌పూర్ నుంచి వచ్చింది బస్సు కాదు. చాసీ, ఇంజను, గేర్‌బాక్సు, ముందు ముక్కు, స్టీరింగు, అంతే. సీటుండదు, ముందు అద్దముండదు. డ్రైవరు ఓ చెక్కపెట్టె మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని అన్ని వందల మైళ్ళూ తోలుకొచ్చేవాడు. ఇప్పటికీ హైవే మీద అలా బోడిగా పోయే చాసీల్ని మీరు చూసే ఉంటారు. ఊళ్ళోకొచ్చాక దానికి బాడీ కట్టేవాళ్ళు. మాట గమనించారా? తయారు చేయించాడు అనం. ఇల్లు కట్టించాడన్నట్టే 'బాడీ కట్టించాడు' అంటాం. ఆ మాటలోనే అంతా ఉంది. వడ్రంగి, కమ్మరి, రేకుపనివాడు, బోర్డులు రాసే ఆయన, నలుగురూ కలిసి కట్టేవాళ్ళు. ఓనరు గారు వచ్చి ముందు వరస మెత్తగా ఉండాలి, టాపు మీద కమ్మీలు ఎత్తుగా ఉండాలి, డ్రైవరు ముందు దేవుడికి గూడు పెట్టాలి అంటే అలాగే పెట్టేవాళ్ళు. ఇప్పటి కుర్రాళ్ళు 'కస్టమ్' అని గొప్పగా అంటుంటారు. ఆ రోజుల్లో మనవైపు తిరిగిన ప్రతి ప్రైవేటు బస్సూ కస్టమేనండీ.

దాంతో బాగుచేసేవాడికి ఎంత చిక్కో చెప్తాను. నేను మొదట్లో యూట్యూబులో వోక్స్‌వాగన్ కాంబీల వీడియోలు తెగ చూశాను. 1950లో జర్మనీలో మొదలైన వ్యాను, బ్రెజిల్‌లో 2013 దాకా చేశారు. లక్షల బళ్ళు ఒకే అచ్చులోంచి వచ్చాయి. తలుపు కింద రేకు తుప్పు పట్టిందనుకోండి, సరిగ్గా ఆ ముక్క కొత్తది డబ్బాలో పెట్టి పంపే కొట్లున్నాయి. పాతది కోసి, కొత్తది అతికించడమే. నేనెక్కడ తెప్పించుకోను? నా బస్సు లాంటి బస్సు ప్రపంచంలో ఇంకోటి లేదు. డ్రాయింగు లేదు, పుస్తకం లేదు. దాన్ని కట్టిన మేస్త్రీ ఎవరో తెలియదు. నాకున్న నమూనా ఒక్కటే, ఆ తుప్పు పట్టిన బస్సే. కుళ్ళిపోయిన ముక్క నా కంటికి చెత్త, కానీ అదొక్కటే డ్రాయింగు.

ఇది తెలియక ముందు నేను చేసిన వెధవపని ఒకటుంది. చెప్తాను. దానికన్నా ముందు బస్సు చరిత్ర కొంచెం చెప్పాలి.

మిల్లువారి పాత గుమస్తా చెప్పినదాన్ని బట్టి ఇది మొదట బందరు వైపు రూటు బస్సు. ఎక్కువ కాలం తిరగలేదు. 1958 జనవరిలో ఆర్టీసీ వచ్చింది, వచ్చీ రాగానే కృష్ణా జిల్లా రూట్లు తనకే కావాలంది. ప్రైవేటు బస్సుల వాళ్ళు ఊరుకుంటారా? సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అభ్యంతరాలు విన్నది రవాణా చూసే కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వినేవాడు ఒకడు, తేల్చేవాడు ఇంకొకడు అయితే ఆ వినడానికి అర్థమేముందని 1958 నవంబరులో కోర్టు పథకాన్ని కొట్టేసింది. లా చదివే పిల్లలు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. తరవాత ముఖ్యమంత్రే స్వయంగా విచారణ జరిపి మళ్ళీ ఖాయం చేశారు, 1959లో కోర్టు దానికి అడ్డు చెప్పలేదు. రూట్లు పోయిన బస్సులు ఏమయ్యాయంటే, ఇలా మిల్లులకీ, పెళ్ళిళ్ళకీ పోయాయి. నా బస్సు ఇరవై ఏళ్ళ పైన పెళ్ళి బస్సు. ఈ హాల్లో పెద్దవాళ్ళలో ఎవరైనా అందులో మగపెళ్ళివారుగా వెళ్ళుంటే వెళ్ళుండొచ్చు.

తెలంగాణ వైపు దారి వేరు. అక్కడ నిజాం రైల్వే వాళ్ళే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి హైదరాబాదు బస్‌భవన్‌లో ఉంది, చూసి రండి. సంస్థ బండి కాబట్టి దానికో ఊరూ పేరూ ఉన్నాయి. మనవైపు ప్రైవేటు బస్సులకి ఆ భాగ్యం లేదు. తుక్కులో కలిసిపోయాయి.

సరే, తుప్పు సంగతికొద్దాం.

నేను మొదటి నెల ఒక్క పానా కూడా పట్టుకోలేదు. ఒక చిన్న సుత్తి, ఒక దబ్బనం, సుద్దముక్క, అంతే. తట్టుకుంటూ పోయాను. మంచి రేకు ఖణేల్‌మంటుంది. లోపల తినేసిన రేకు అప్పడం మీద కొట్టినట్టు చప్పగా పలుకుతుంది. అలా పలికిన చోటల్లా సుద్దతో గీత. దబ్బనం దిగిపోయిన చోట అడ్డగీత. నెల తిరిగేసరికి బస్సు మీద ఒక పటం తయారైంది. అది చూస్తే వింతగా ఉంది. తుప్పు అన్ని చోట్లా సమానంగా లేదు. కిటికీ అద్దాలు కిందికి జారవిడిచే గాళ్ళుంటాయి గదా, వాటి అడుగున ఉంది. అది అర్థమవుతుంది, వాన నీళ్ళు దిగి అక్కడే ఆగుతాయి. టాపు మీద సామాను కమ్మీల బోల్టుల కింద ఉంది. అదీ అర్థమవుతుంది. బ్యాటరీ పెట్టె చుట్టూ ఉంది, యాసిడ్డు. కానీ ఎడమవైపు వెనక మూల, నిచ్చెన ఉండే చోట, టాపు నుంచి కింద పట్టీ దాకా నిలువునా రెండడుగుల వెడల్పున జల్లెడ. కుడివైపు వెనక మూల అంత లేదు. ఒకే వాన, ఒకే చెట్టు, ఒకే కోళ్ళు. మరి ఆ మూలకే ఏమైంది?

ఆ గుమస్తాగారినే అడిగాను. ఆయనకి తొంభై దగ్గర. "అటువైపే గదయ్యా చేపల గంపలు ఎక్కించేది" అన్నాడు.

అదండీ. బందరు నుంచి తెల్లవారుజామున చేపల గంపలు టాపు మీదకెక్కేవి. నిచ్చెన పక్కనే పెట్టుకుంటారు, దింపడానికి సులువు. ఉప్పునీళ్ళు కారతాయి. రోజూ ఒకే చోట, ఒకే దారిన కారతాయి. కొద్ది ఏళ్ళు కారిన ఉప్పునీళ్ళు అరవై ఏళ్ళ పాటు తింటూనే ఉన్నాయి.

నాకు ఆ మాట నచ్చింది, కానీ మాస్టార్ని గదా, రుజువు కావాలనిపించింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుణ్ణి పట్టుకొచ్చాను. ఉప్పులో ఉండే క్లోరైడుని పట్టుకోవడానికి సిల్వర్ నైట్రేట్ పరీక్ష మీ పిల్లలంతా ఇంటర్‌లో చేసిందే. ఆ మూల తుప్పు పెచ్చు కాస్తా, ముందు మూల తుప్పు పెచ్చు కాస్తా తీసుకుని నీళ్ళలో నానబెట్టి చుక్కేస్తే రెండూ తెల్లగా విరిగిపోయాయి. నేను డీలా పడ్డాను. ఆయన నవ్వి "నీళ్ళు ఎక్కడివి?" అన్నాడు. మా బోరువి. మా బోరు నీళ్ళే ఉప్పన! బ్యాటరీల్లో పోసే నీళ్ళు తెచ్చి మళ్ళీ చేశాం. ముందు మూల నీళ్ళు కాస్త మసగ్గా ఉండిపోయాయి. చేపల మూల నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కోళ్ళ రెట్టలో కూడా ఉప్పు ఉంటుంది, అందుకే ముందు మూల కూడా పూర్తిగా తేటగా లేదని ఆయన అన్నాడు. కానీ ఆ తేడా చూశాక గుమస్తాగారి మాట నేను నమ్మేశాను.

ఇదంతా సరదా కోసం చెప్పట్లేదు. ఆ పరీక్షకి ముందే ఆ మూల పక్కనున్న మంచి రేకుని నేను గ్రైండరుతో తళతళలాడేట్టు రుద్ది, రెడాక్సైడ్ ప్రైమరు కొట్టి మురిసిపోయాను. మూడు నెలలకి ఆ రంగు కింద పొక్కులు లేచాయి, అమ్మవారు పోసినట్టు. కారణం ఏంటంటే, తుప్పు పోయినా ఉప్పు పోదు. రేకు మీద కంటికి కనపడని గుంటల్లో దాక్కుంటుంది. గాలిలో తేమని లాక్కుంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. గ్రైండరు దాన్ని ఇంకా లోపలికి రుద్దుతుంది. దానికి మందు నీళ్ళే. మంచినీళ్ళతో, వీలైతే వేడినీళ్ళతో, ఒత్తిడితో కడగాలి, ఆరబెట్టాలి, మళ్ళీ కడగాలి. ఆరిన వెంటనే, ఆ పూటే ప్రైమరు పడాలి. లేకపోతే మన గాలికి సాయంత్రానికి పసుపురంగు తుప్పు తేలుతుంది. నేను ఐదుసార్లు కడిగాను. వాననీళ్ళు పట్టి వాడాను. తుప్పుని నీళ్ళతో కడగడమేమిటని వీధిలో వాళ్ళంతా నా బుర్ర చెడిందనుకున్నారు.

ఇంకొక సంగతి. ఇనుము తుప్పయితే దాని ఒళ్ళు పెరుగుతుంది. కనీసం రెండింతలు, తేమ పట్టిన తుప్పయితే ఆరింతల దాకా చోటు కావాలి దానికి. రెండు రేకుల మధ్య తుప్పు పుడితే ఆ రేకుల్ని విడదీసి, రివిట్ల తలలు టపటప తెంపేస్తుంది. బస్సు పక్క ఉబ్బినట్టుంటే సుత్తితో కొట్టి చదును చేయకండి. విప్పి లోపల చూడండి. ఇక టాపు అల్యూమినియం, పక్కలు ఇనుము. రెండూ నేరుగా తగిలిన చోట తెల్ల పొడి రాలుతుంది. అక్కడ పోయేది ఇనుము కాదు, అల్యూమినియం. రెండు లోహాలూ తడిలో తగిలితే బ్యాటరీ అయిపోతాయి, అందులో అల్యూమినియమే కరిగిపోతుంది. మధ్యలో ప్రైమరూ, రబ్బరు పట్టీ ఉండాలి. పాత మేస్త్రీ అక్కడ తారు పూసిన గుడ్డ వేశాడు. గుడ్డ చివికిపోయింది గానీ ఆలోచన చివకలేదు. ఆయనకి ఈ కెమిస్ట్రీ ఎవరు చెప్పారో!

ఇప్పుడు నా వెధవపని.

ఒక్కో పక్క ఏడు టేకు నిట్టాళ్ళు, అంటే బాడీని నిలబెట్టే నిలువు చెక్కలు. వాటి అడుగులు ఆరేసి అంగుళాలు కుళ్ళిపోయాయి. కొలిచాను. మూడో నిట్టాడికీ నాలుగో నిట్టాడికీ మధ్య కుడివైపు 27 అంగుళాల పావు, ఎడమవైపు 28. పాపం, పాతకాలం వడ్రంగి, కంటి కొలత, చెయ్యి తప్పాడు అనుకున్నాను. మనం ఇంజనీరింగు తెలిసినవాళ్ళం గదా, సరిచేద్దామని రెండువైపులా సమానంగా పంచేశాను. నాలుగు నెలల పని. రేకులు కూడా బిగించేశాక పాత కిటికీ చట్రాలు తెచ్చి పెడితే ఒక్కటీ కూర్చోదు. పోనీ చట్రాలు కొత్తవి చేద్దామనుకుంటే, నేల అడ్డదూలం బోల్టు వెయ్యడానికి కిందికి దూరి చూశాను. నేను కొత్తగా పెట్టిన చోటుకి సరిగ్గా కింద డీజిలు ట్యాంకు బ్రాకెట్టు. బోల్టుకి దారి లేదు!

మేస్త్రీ చెయ్యి తప్పలేదండీ. ట్యాంకు ఎడమవైపు ఉంది కాబట్టి అటు అడ్డదూలాన్ని ముప్పావంగుళం జరిపాడు. దూలం జరిగితే నిట్టాడు జరిగింది, నిట్టాడు జరిగితే కిటికీ వెడల్పయింది. అంతా లెక్క ప్రకారమే ఉంది. లెక్క తెలియనివాణ్ణి నేనే. నాలుగు నెలల పనీ ఊడదీశాను.

ఊడదీస్తుంటే పాత నిట్టాళ్ళ వెనక, రేకు కప్పేసిన చోట, పెన్సిలు గీతలు కనబడ్డాయి. 'ఎ౩', 'కు౩'. ఎ అంటే ఎడమ, కు అంటే కుడి. అంకెలు తెలుగు అంకెలు. ౧, ౨, ౩ అని ఏడు దాకా. మా ఐటీఐలో డ్రాయింగు షీటు మీద తెలుగు అంకె వేస్తే మార్కులు తీసేసేవాళ్ళు. ఈయన బస్సే కట్టేశాడు. నేను వాటిని మొదటిసారే చూసి ఉండాల్సింది. చూడలేదు, ఎందుకంటే కుళ్ళిన ముక్కల్ని కోసి పొయ్యి పక్కన పడేశాను. మా ఆవిడ వాటిని నీళ్ళపొయ్యిలోకి వాడేయకుండా గోనెసంచిలో కట్టి పెట్టింది, "మీరు మళ్ళీ అడుగుతారని తెలుసు" అంటూ. దొరికినవి దొరికాయి. ఎ౫ మాత్రం దొరకలేదు.

అప్పటి నుంచీ నా పద్ధతి మారింది. కొత్త ముక్క బిగించి, పరీక్షించి, దాని మీద నిలబడి గెంతేదాకా పాత ముక్క షెడ్డు దాటి పోకూడదు. ఏదైనా కోసే ముందు యాంగిలు ముక్కలతో అడ్డంగా, మూల నుంచి మూలకి కట్టు కట్టాలి, లేకపోతే నాలుగు నిట్టాళ్ళు తియ్యగానే బస్సు పక్కకి వాలిపోతుంది. మూలల కొలత రెండువైపులా తీసి గోడ మీద రాసుకోవాలి. రేకు అంచుల వంపుకి పాత దినపత్రిక పెట్టి బొగ్గుతో రుద్దితే అచ్చు దిగుతుంది. దాన్ని అట్ట మీద కత్తిరించుకుంటే అదే నమూనా. ఒక పక్క అచ్చుని తిరగేసి రెండో పక్కకి వాడకండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

నిట్టాళ్ళు మొత్తం మార్చలేదు. కుళ్ళిన అడుగు మాత్రం ఏటవాలుగా కోసి, కొత్త టేకు అతికాను. అంగుళం మందానికి ఎనిమిదంగుళాల పొడవు వాలు ఉంటే అతుకు పట్టు తప్పదు. పాత చెక్కలో ఇనప బోల్టున్న చోటల్లా చుట్టూ నల్లగా ఉంది. మా చెల్లెలి మనవరాలు చూసి కాలిందా తాతయ్యా అంది. కాలలేదమ్మా, అది సిరా. చెక్కలో వగరు ఉంటుంది, ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. మన పెద్దవాళ్ళు వగరుండే కరక్కాయా, ఇనుముండే అన్నభేదీ కలిపి సిరా చేసుకునేవాళ్ళు, ఇదీ అదే.

అప్పుడు తట్టింది. బజారులో దొరికే కొన్ని తుప్పు మందుల్లో ఉండేది ఈ వగరే, టానిక్ యాసిడ్. కరక్కాయలు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి తుప్పు రేకు మీద పూశాను. రెండు గంటల్లో ఎర్రది నీలినలుపుకి తిరిగింది. పనిచేస్తుంది. కానీ అతిగా నమ్మకండి. పెచ్చులు లేచే తుప్పుకి ఇది చాలదు, ముందు గీకాల్సిందే. దీని మీద ప్రైమరు పడాల్సిందే. నేను మూలల్లో, బ్రష్షు మాత్రమే దూరే సందుల్లో వాడాను.

చిన్న సామాన్లకి, అంటే గొళ్ళేలు, కీలు, తలుపు పిడి లాంటివాటికి కరెంటు స్నానం. ప్లాస్టిక్ డ్రమ్ము, నీళ్ళు, బట్టలుతికే సోడా. బ్యాటరీ ఛార్జరు మైనసు తుప్పు సామానుకి, ప్లస్సు ఒక పనికిరాని ఇనప రేకుకి. రాత్రికి పెడితే పొద్దున్నకి నల్లగా వదులుగా అయిపోతుంది, పీచుతో తోమితే వచ్చేస్తుంది. ఆరుబయటే పెట్టండి, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ కాల్చకండి. ప్లస్సు వైపు స్టీలు గరిటె పెడదామనిపిస్తుంది, ఎందుకంటే అది అరగదు. వద్దు. స్టెయిన్‌లెస్‌లోంచి విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. సోడా బదులు ఉప్పు కూడా వద్దు, క్లోరిన్ వస్తుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చకండి, తడిపి రుద్దండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఊదకండి. ఈ ఐదూ మాత్రం నా ఐటీఐ గొంతుతో చెప్తున్నాను.

రివిట్లు కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట సుత్తి, ఒకరు లోపల దిమ్మె. కూలికి పిలిస్తే ఇవ్వాళ పాప్ రివిట్లు కొట్టేద్దాం సార్, ఒక్కణ్ణే చాలు అంటారు. పాతవి గట్టి రివిట్లు. అంచేత మా ఆవిడ లోపల దిమ్మె పట్టుకుని కూర్చుంది. మాట వినపడదు గదా, ఒక తట్టు తడితే బాగుంది, రెండు తడితే మళ్ళీ కొట్టు. దాదాపు తొమ్మిది వందల రివిట్లు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నాతో అంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు. రెండు తట్లే ఎక్కువ. (నవ్వులు)

లోపల ఐదు పొరల రంగు. నీళ్ళ కాగితంతో మెల్లగా రుద్దుతూ పోతే తలుపు పైన అడుగుపొరలో అక్షరాలు వచ్చాయి: 'చేతులు బయట పెట్టరాదు'. 'రాదు' సగమే ఉంది. పూర్తి చేయించలేదు, కొత్తగా రాయించలేదు. చుట్టూ రంగేసి ఆ జానెడు పట్టీ అలాగే వదిలేశాను. మొత్తం కొత్తగా మెరవాలనేవాళ్ళతో నాకు పేచీ లేదు, కానీ మెరిసే బస్సు కావాలంటే కొత్తది కట్టించుకోవచ్చు గదా.

ఇంజను గురించి ఎక్కువ చెప్పను. అది నా విద్య కాదు. బిగుసుకుపోయింది. లారీల మీద బతికిన ఓ పెద్ద మెకానిక్కు వచ్చి ఇంజెక్టర్లు విప్పి, సిలిండర్లలో డీజిలూ ఆయిలూ కలిపి పోసి, "వారం దాకా ముట్టుకోవద్దు" అని వెళ్ళిపోయాడు. వారానికి వచ్చి ఫ్లైవీలు అటూ ఇటూ కదిపి మళ్ళీ పోశాడు. మూడో వారానికి తిరిగింది. పాత బెంజికి హీటరు ప్లగ్గులుంటాయి, డాష్‌బోర్డులో చిన్న తీగచుట్ట ఎర్రబడేదాకా ఆగి అప్పుడు స్టార్టు కొట్టాలి. ఆ ఎరుపు చూస్తూ మేం పదిమందిమి ఊపిరి బిగబట్టాం. వీధంతా పొగ. టైర్లు మాత్రం బయట వేయించాను. ఆ చక్రాలకి లాకు రింగుంటుంది. సరిగా కూర్చోకుండా గాలి కొడితే తుపాకీ గుండులా లేస్తుంది. ఇనప బోనులో పెట్టి గాలి కొట్టేవాడి దగ్గరికే వెళ్ళండి.

రోడ్డెక్కిందా అంటారా? ఎక్కలేదు. 2021లో కేంద్రం పాత బళ్ళకి ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటాలి, నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. సంతోషంగా చదివాను. రెండు చక్రాల బళ్ళూ, నాలుగు చక్రాల కార్లూ అని ఉంది. నా బస్సుకి ఆరు. పైగా చాసీలో, బాడీలో, ఇంజన్లో పెద్ద మార్పులు ఉండకూడదట. పుట్టుకతోనే బాడీ బయట కట్టించుకున్న బండికి అసలు రూపమంటే ఏమిటో ఎవరు చెప్తారు? రాసినవాళ్ళ మనసులో కార్లే ఉన్నాయి, వాళ్ళని తప్పు పట్టను. ప్రస్తుతానికి గేటు నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి గేటుకి, అరవై అడుగుల రూటు.

ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(ఒక విద్యార్థి: సార్, ఆ ఎ౫ నిట్టాడికి కొలత ఎలా తెలిసింది?)

తెలియలేదమ్మా. నాలుగూ ఆరూ పెట్టాక, పాత కిటికీ చట్రం ఒకటి మిగిలింది. దాన్ని నిలబెట్టి, అది ఎక్కడ బిగుసుకోకుండా సరిగ్గా కూర్చుందో అక్కడ నిట్టాడు పెట్టాను. వెనకాల పెన్సిలుతో 'ఎ౫' అని రాశాను. మేస్త్రీ రాతకి అది నా రాతని తేడా తెలియాలని పక్కన సంవత్సరం కూడా వేశాను.

(మరొకరు: ఖర్చెంతయింది మాస్టారూ?)

మూడో వరసలో మా ఆవిడ కూర్చుంది. తరవాతి ప్రశ్న. (నవ్వులు)

(ఒక విద్యార్థిని: ఆ చేపల మూల రేకు పడేశారా సార్?)

లేదు. అది మార్చక తప్పలేదు, 18 గేజి కొత్త రేకు వేశాను. పాతది షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాను.

(అదే విద్యార్థిని: ఇంకా చేపల వాసన వస్తుందా?)

నాకు రాదు. మా ఆవిడ వానాకాలంలో వస్తుందంటుంది. మా పిల్లి మాత్రం దాని కిందే పడుకుంటుంది. ఆదివారం పొద్దున తొమ్మిదికి అందరూ రండి, మీరే చూసి చెప్పండి. చెప్పులు మాత్రం విడవకండి, కింద రేకు ముక్కలుంటాయి.